చీటీ పోయిన రాశి

పిల్లలూ! కర్నూలు జిల్లాకు పడమటి వైపున, ఎమ్మిగనూరుకు దగ్గరలో నందవరం అనే ఊరున్నది. మీలో ఆ ఊరివాళ్ళు ఎవరైనా ఉంటే ఈ వ్యాసం ముందుగా మీ కోసమే. మిగతావాళ్ళు కాసేపు మేము కూడా నందవరం పిల్లలమే అనుకోండి.

మీ చేలో పత్తి పండింది. మీ నాన్న దాన్ని ఆదోని మార్కెట్టుకు తీసుకుపోతాడు. ఆదోని పత్తి మార్కెట్టు సంగతి వినని రైతు ఆ చుట్టుపక్కల ఉండడు. అక్కడ చిన్న చిన్న తెల్లకొండల లాగా రాశులు పోసి ఉంటాయి. చూడటానికి అన్నీ ఒకటే. మరి ఏ రాశి ఎవరిదో ఎట్లా తెలుస్తుంది? రాశికొక చీటీ ఉంటుంది. చీటీ ఉన్నంతవరకు ఆ పత్తి పండించినవాడెవరో అడిగితే చెప్పవచ్చు.

బేరం తెగిన తరువాత పత్తి జిన్నింగు మిల్లుకు పోతుంది. అక్కడ గింజ వేరు, దూది వేరు అవుతాయి. పది ఊళ్ళ దూది కలిసి ఒక బేలు అవుతుంది. బేలు నూలవుతుంది, నూలు బట్ట అవుతుంది. ఆ బట్టతో చొక్కా కుట్టించుకున్నవాడిని ఆపి, "ఇందులో నందవరం పత్తి ఎంత?" అని అడగండి. పాపం, అతనేం చెబుతాడు? చీటీ ఎప్పుడో పోయింది.

ఇప్పుడు ఇంకొక సంగతి. బడిలో వారానికొక రోజు మీ చేత ఒక మాత్ర మింగిస్తారు. అందరూ దాన్ని ఐరన్ మాత్ర అంటారు. అందులో ఇనుముతో పాటు ఫోలిక్ యాసిడ్ అనే పదార్థం కూడా ఉన్నది. మీ అక్కకో పిన్నికో నెలలు నిండుతుంటే ఆమెకు కూడా ఇటువంటి మాత్రలే ఇస్తారు. రక్తం బాగా పట్టటానికీ, కడుపులో బిడ్డ వెన్నెముక సరిగా ఏర్పడటానికీ ఫోలిక్ యాసిడ్ అవసరం.

ఆ మాత్ర మీద పండించినవాడి పేరు ఉండదు. దాని చీటీ ఎక్కడ పోయింది? రండి, వెనక్కి వెదుక్కుంటూ పోదాం. ఆ దారిలో మనకు ఒక తెలుగువాడు కనిపిస్తాడు.

శాస్త్రజ్ఞుల చీటీలు

శాస్త్రజ్ఞుడు ఏదైనా కొత్త సంగతి కనిపెడితే దాన్ని మూటకట్టి అటక మీద దాచుకోడు. తాను ఏం చేశాడో, ఎట్లా చేశాడో, ఏం కనిపించిందో వివరంగా రాసి, అటువంటి సంగతులే అచ్చువేసే పత్రికకు పంపుతాడు. సంపాదకుడు దాన్ని ఆ విద్య బాగా తెలిసిన ఇద్దరు ముగ్గురికి చూపించి, తప్పులున్నాయేమో చూడమంటాడు. వాళ్ళు సరేనంటే అది అచ్చవుతుంది. దానినే పరిశోధన వ్యాసం అంటారు.

ఈ వ్యాసానికి రెండు చీటీలుంటాయి. మొదటిది వ్యాసం పైన ఉంటుంది. అందులో రాసినవారి పేర్లుంటాయి. రెండవది వ్యాసం చివర ఉంటుంది. తాము ఎవరి దగ్గర ఏ పద్ధతి తీసుకున్నారో, ఎవరు చెప్పిన సంగతి మీద ఆధారపడ్డారో, వాళ్ళందరి పేర్లూ, వ్యాసాలూ అక్కడ వరసగా రాస్తారు. ఇట్లా ఇతరుల వ్యాసం పేరు చెప్పటాన్ని ఉటంకింపు అంటారు.

ఒక శాస్త్రజ్ఞుడు ఎన్ని వ్యాసాలు రాశాడన్నది మొదటి చీటీల లెక్క. ఆ వ్యాసాలను ఇతరులు ఎన్నిసార్లు ఉటంకించారన్నది రెండవ చీటీల లెక్క. ఈ రోజుల్లో విశ్వవిద్యాలయాలలో ఉద్యోగాలిచ్చేటప్పుడూ, పరిశోధనకు డబ్బిచ్చేటప్పుడూ చాలాచోట్ల ఈ రెండు లెక్కలూ చూస్తారు. అంటే ఇవి మనుషుల అన్నం మీద ప్రభావం చూపే లెక్కలన్నమాట. గనక వాటిని ఎంతవరకు నమ్మవచ్చో మనం తెలుసుకోవాలి.

ఖద్దరు కోటు కుర్రవాడు

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టాడు. చిన్నప్పుడు చదువు ఆయనకు సాఫీగా సాగలేదు. కాశీకి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి డబ్బు గడించాలని ఇల్లు విడిచి బయలుదేరాడనీ, తల్లి వెనక్కి రప్పించిందనీ చెబుతారు. మెట్రిక్యులేషను పరీక్ష మూడవసారికి గాని గట్టెక్కలేదు. పరీక్ష తప్పిన మీ అన్నయ్య ఎవరైనా దిగులుగా కూర్చుని ఉంటే ఈ మాట అతని చెవిన వెయ్యండి.

తరువాత మద్రాసు మెడికల్ కాలేజీలో చేరాడు. అవి గాంధీగారి పిలుపు దేశమంతటా మారుమోగే రోజులు. సుబ్బారావు ఖద్దరు కోటు తొడుక్కుని శస్త్రచికిత్స నేర్చుకోవటానికి వెళ్ళాడు. అది తెల్లదొర అయిన ఆచార్యుడికి నచ్చలేదు. చివరకు సుబ్బారావుకు ఎం.బి.బి.ఎస్. పట్టా రాలేదు, అంతకంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే వచ్చింది. కొంతకాలం మద్రాసులోని ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పాడు.

ఆయన కుటుంబంలో ఒక పెద్ద దుఃఖం జరిగింది. తోబుట్టువు ఒకరు స్ప్రూ అనే జబ్బుతో చనిపోయారు. స్ప్రూ వచ్చినవాడికి తిన్నది ఒంటపట్టదు, రక్తం పలచబడిపోతుంది. ఆనాడు దానికి సరైన మందు లేదు. ఈ సంగతి జ్ఞాపకం పెట్టుకోండి, మళ్ళీ అవసరమవుతుంది.

1920ల మొదట్లో సుబ్బారావు అమెరికాలోని బోస్టను నగరానికి వెళ్ళి, హార్వర్డు విశ్వవిద్యాలయంలో ఉష్ణదేశాల జబ్బులను గురించి చదివాడు. చేతిలో డబ్బు లేదు. పగలు చదువుకుని, రాత్రిళ్ళు ఒక ఆసుపత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలు కడిగే పని చేశాడు. ఆ పైన అదే విశ్వవిద్యాలయంలో ఓటో ఫోలిన్ అనే ఆచార్యుడు నడిపే జీవరసాయన శాఖలో చేరాడు. అక్కడ సైరస్ ఫిస్కే అనే శాస్త్రజ్ఞుడితో కలిసి పని మొదలుపెట్టాడు.

నీలిరంగు లెక్క

మన ఎముకలలో, రక్తంలో, కండలలో భాస్వరం ఉన్నది. మూత్రపిండాలు చెడినా, ఎముకలు మెత్తబడినా రక్తంలో దాని లెక్క మారుతుంది. కాని చెంచాడు రక్తంలో రవ్వంత భాస్వరాన్ని కొలవటం ఎట్లా? త్రాసులో తూచలేము గదా!

ఆ ఉపాయం తెలియాలంటే ముందు ఇంట్లో ఒక ప్రయోగం చెయ్యండి. ఐదు గాజుగ్లాసులలో సమానంగా నీళ్ళు పొయ్యండి. బట్టలకు పెట్టే నీలిమందు కాస్త నీళ్ళలో కలిపి, మొదటి గ్లాసులో ఒక చుక్క, రెండవ దానిలో రెండు, ఇట్లా ఐదవ దానిలో ఐదు చుక్కలు వెయ్యండి. ఇప్పుడు మీరు అటు తిరిగి, ఆరవ గ్లాసులో తనకు తోచినన్ని చుక్కలు వెయ్యమని తమ్ముడితో చెప్పండి. ఆరవ గ్లాసును తెల్లకాగితం ముందు పెట్టి, ఏ గ్లాసు రంగుతో సరిపోతున్నదో చూడండి. తమ్ముడు ఎన్ని చుక్కలు వేశాడో చెప్పెయ్యగలరు! ఆ నీళ్ళు మాత్రం ఎవరూ తాగకూడదు, పారబొయ్యండి.

ఫిస్కే, సుబ్బారావు చేసినది ఇటువంటిదే. భాస్వరం ఉన్న ద్రవానికి ఆమ్లమూ, మాలిబ్డేటు అనే లవణమూ కలిపి, ఆ పైన ఇంకొక రసాయనం వేస్తే నీలిరంగు పుడుతుంది. భాస్వరం ఎంత ఎక్కువ ఉంటే నీలం అంత చిక్కబడుతుంది. భాస్వరం ఎంత ఉన్నదో ముందే తెలిసిన ద్రవాన్ని పక్కన పెట్టి, రంగులను పోల్చే పరికరంలో చూస్తే లెక్క తేలుతుంది. రంగు సరిగా, తేలికగా, మాటిమాటికీ ఒకే రకంగా వచ్చేటట్టు చెయ్యటం వాళ్ళ గొప్ప.

ఈ సంగతి 1925లో ఒక జీవరసాయన పత్రికలో 26 పేజీల వ్యాసంగా వెలువడింది. పైన రెండే పేర్లు: ఫిస్కే, సుబ్బారావు. ఈనాటికీ దాన్ని ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అంటారు. భాస్వరాన్ని కొలవవలసి వచ్చిన ప్రతి ప్రయోగశాలకూ అది పనికివచ్చింది. దేశదేశాల శాస్త్రజ్ఞులు ఆ వ్యాసాన్ని వేలకు వేలసార్లు ఉటంకించారు. మూడుసార్లు మెట్రిక్యులేషను రాసిన మన భీమవరం కుర్రవాడి పేరు, ఆయన ముఖమైనా చూడనివాళ్ళ వ్యాసాల చివర వరసగా పడుతూ వచ్చింది.

తప్పులో దొరికిన నిధి

ఆ పద్ధతే వాళ్ళకు ఇంకొక వరమిచ్చింది. కండరాల రసంలో భాస్వరం కొలుస్తుంటే నీలిరంగు రావలసినంత త్వరగా రాలేదు. కాసేపు ఆగితే నెమ్మదిగా చిక్కబడుతూ పోయింది. ఇంకొకరైతే, "పద్ధతి చెడింది, రసం పారబొయ్యి" అనేవాళ్ళే. వీళ్ళు మాత్రం, "రంగు ఎందుకు ఆలస్యమవుతున్నది?" అని వెంటపడ్డారు. కండలో భాస్వరాన్ని పట్టుకుని, మెల్లగా వదిలే పదార్థం ఏదో ఉన్నదని తేలింది. దాని పేరు ఫాస్ఫోక్రియాటిన్. 1927లో సైన్సు అనే పత్రికలో దీన్ని ప్రకటించారు. కండ పనిచేస్తే అది తరుగుతుంది, విశ్రాంతి తీసుకుంటే మళ్ళీ పెరుగుతుంది. అదే కాలంలో ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులు కూడా ఈ పదార్థం జాడ పట్టారు.

1929లో ఫిస్కే, సుబ్బారావు ఏ.టీ.పీ. అనే మరొక పదార్థాన్ని వేరుచేసి ప్రకటించారు. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా విడిగా దాన్ని కనిపెట్టాడు. ఏ.టీ.పీ. మన ఒంటి శక్తికి చిల్లర డబ్బు వంటిది. మీరు పరుగెత్తినా, రెప్ప వేసినా, ఇప్పుడు ఈ అక్షరాలు చదువుతున్నా అది ఖర్చవుతూనే ఉన్నది.

ఇంత చేసినా హార్వర్డులో సుబ్బారావుకు స్థిరమైన పదవి దొరకలేదు. పైగా ఆయన కనిపెట్టిన సంగతులన్నీ అచ్చు కూడా కాలేదు. ఫిస్కే దగ్గర చదివి, తరువాత 1988లో నోబెల్ బహుమతి పొందిన జార్జి హిచింగ్స్ ఈ విషయం చెప్పాడు. సుబ్బారావు వేరుచేసిన కొన్ని పదార్థాలను ఎన్నో ఏళ్ళ తరువాత ఇతరులు మళ్ళీ మొదటినుంచి కనిపెట్టవలసి వచ్చిందనీ, ఫిస్కే అసూయ చేత కాబోలు వాటిని వెలుగులోకి రానివ్వలేదనీ ఆయన అభిప్రాయం.

చూశారా! పత్తి పండింది, కాని రాశి మార్కెట్టుకే రాలేదు. అచ్చుకాని పనికి చీటీ లేదు. చీటీ లేని పనిని ఎవరూ ఉటంకించరు. నష్టం సుబ్బారావుకే కాదు, మళ్ళీ శ్రమపడవలసి వచ్చినవాళ్ళకు కూడా.

మాత్ర వెనక నడిచివచ్చినవాళ్ళు

1940లో సుబ్బారావు హార్వర్డు విడిచి, న్యూయార్కు రాష్ట్రంలో పెర్ల్ రివర్ అనే ఊళ్ళో ఉన్న లెడర్లీ అనే మందుల కంపెనీ ప్రయోగశాలలో చేరాడు. కొద్దికాలంలోనే అక్కడి పరిశోధనలకు అధిపతి అయినాడు. ఇప్పుడు మన మాత్ర దగ్గరికి వద్దాం.

ఈ కథ మన దేశంలోనే మొదలవుతుంది. లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరు బొంబాయికి వచ్చి, గర్భవతులకు వచ్చే ఒకరకమైన రక్తహీనతను పరిశోధించింది. ఆ జబ్బుపడిన వారిలో బట్టల మిల్లులలో పనిచేసే బీదస్త్రీలున్నారు. ఈస్టు నుంచి తీసే మార్మైటు అనే చవకరకం పదార్థం తినిపిస్తే వాళ్ళు కోలుకుంటున్నారని ఆమె కనిపెట్టి, 1931లో ప్రకటించింది. అందులో ఏదో మంచి పదార్థం ఉన్నదని తెలిసింది, కాని అదేమిటో తెలియలేదు.

1941లో అమెరికాలోని టెక్సాసులో మిచెల్, స్నెల్, విలియమ్స్ అనే ముగ్గురు నాలుగు టన్నుల పాలకూరను నలగగొట్టి, వడపోసి, ఒక పదార్థాన్ని కొద్దిగా రాబట్టారు. లాటిను భాషలో ఆకును ఫోలియం అంటారు గనక దానికి ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టారు. కాని ఒక్కొక్క రోగికి బండెడు పాలకూర ఎక్కడినుంచి తెస్తాం? దాన్ని ప్రయోగశాలలో తయారుచెయ్యటం నేర్చుకోవాలి.

ఆ పని 1945లో లెడర్లీ ప్రయోగశాలలో సుబ్బారావు నాయకత్వాన జరిగింది. ఫోలిక్ యాసిడ్ స్ప్రూ జబ్బుకు కూడా పనిచేసింది. సుబ్బారావు తోబుట్టువును తీసుకుపోయిన ఆ జబ్బే! మందు రావటానికి ఆలస్యమైంది గాని, ఇతరుల తోబుట్టువులకు అందింది.

ఫోలిక్ యాసిడ్ ఎట్లా తయారైనదో, దాని నిర్మాణమేమిటో చెబుతూ 1946లో సైన్సు పత్రికలో వ్యాసం వచ్చింది. దాని పైన మొత్తం 16 పేర్లున్నాయి. మొదటి పేరు ఆంజియర్ అనే ఆయనది. సుబ్బారావు పేరు ఏడవది. ఇన్ని పేర్లూ రాయటానికి చోటు చాలదు గనక, ఉటంకించేవాళ్ళు "ఆంజియర్ మొదలైనవారు" అంటారు. ఆ "మొదలైనవారు" అన్న మాటలో మన సుబ్బారావు మునిగిపోయాడు.

ఇంకొక సంగతి వినండి. తెల్లరక్తకణాలు అదుపు తప్పి పెరిగే ల్యుకీమియా అనే క్యాన్సరు పిల్లలకు వస్తే ఆ రోజుల్లో చేసేదేమీ లేదు. ఆ కణాలు పెరగటానికి ఫోలిక్ యాసిడ్ కావాలి. అచ్చం తాళంచెవి లాగానే ఉండి, తాళంలో దూరి ఇరుక్కుపోయి, అసలు చెవిని లోపలికి రానివ్వని దొంగచెవిని ఊహించుకోండి. సుబ్బారావు బృందం ఫోలిక్ యాసిడ్‌కు అటువంటి దొంగచెవులను తయారుచేసి, బోస్టనులో పిల్లల ఆసుపత్రిలో పనిచేసే డాక్టరైన సిడ్నీ ఫార్బరుకు పంపింది. వాటిలో అమినాప్టెరిన్ అనేదాన్ని ఆయన 16 మంది పిల్లలకు ఇచ్చాడు. పదిమందిలో జబ్బు కొంతకాలం తగ్గుముఖం పట్టింది. 1948లో ఆ సంగతి ప్రకటించారు. ఆ ఫలితం నిలిచి ఉండలేదని కూడా ఫార్బరు దాచకుండా వ్యాసం పేరులోనే చెప్పాడు. అయినా మందుతో ఆ జబ్బును వెనక్కి నెట్టవచ్చునని ప్రపంచానికి తెలిసింది. దాని తోబుట్టువైన మెతోట్రెక్సేటు అనే మందును ఈనాటికీ ఆ జబ్బుకూ, కీళ్ళవాతానికీ వాడుతున్నారు.

ఆ 1948 వ్యాసం పైన ఐదుగురి పేర్లున్నాయి. వాటిలో సుబ్బారావు పేరు లేదు. మందు తయారుచేసినవారి ప్రసక్తి లోపల మాత్రమే ఉన్నది.

బోదకాలు రాకుండా మన దేశంలో జనానికి పంచే డి.ఇ.సి. మాత్ర ఉన్నది చూడండి, అది కూడా సుబ్బారావు ప్రయోగశాలలోనే పుట్టింది. ఆరియోమైసిన్ అనే మందు కూడా అక్కడిదే. దాన్ని మట్టిలోని సూక్ష్మజీవి నుంచి బెంజమిన్ డగ్గర్ అనే వృద్ధ శాస్త్రజ్ఞుడు తీశాడు.

1948 ఆగస్టులో ఒక రాత్రి నిద్రపోయిన సుబ్బారావు తిరిగి లేవలేదు. అప్పటికాయనకు 53 ఏళ్ళు. అమెరికా వెళ్ళిన తరువాత ఆయన స్వదేశం చూడనే లేదు.

లెక్కల పుస్తకం

వ్యాసాల చివర ఉన్న చీటీలన్నిటినీ ఒకచోట చేర్చాలన్న ఆలోచన యూజీన్ గార్‌ఫీల్డ్ అనే అమెరికా దేశస్థుడికి వచ్చింది. అక్కడి వకీళ్ళు, ఒక తీర్పును తరువాతి తీర్పులలో ఎక్కడెక్కడ పేర్కొన్నారో చెప్పే పుస్తకాలను 1873 నుంచి వాడుతున్నారు. శాస్త్రానికి కూడా అటువంటిది కావాలని గార్‌ఫీల్డ్ 1955లో రాశాడు. 1960లలో పెద్ద పెద్ద సంపుటాలుగా అచ్చువేశాడు. దానివల్ల మంచి లాభం కలిగింది. ఒక వ్యాసం చేతిలో ఉంటే, తరువాత దాన్ని వాడుకున్నవాళ్ళెవరో వెంటనే తెలుసుకోవచ్చు. ఒక వ్యాసంలో తప్పున్నట్టు బయటపడితే, దాన్ని నమ్మి ముందుకు పోయినవాళ్ళను హెచ్చరించవచ్చు.

అయితే ఆ పుస్తకాలలో ఉటంకించిన ప్రతి వ్యాసాన్నీ దాని మొదటి పేరు కిందనే వేశారు. గనక భాస్వరం వ్యాసం సుబ్బారావు పేరు కింద దొరకదు. ఫిస్కే పేరు కింద వెదకాలి!

ఆ లెక్కలలో ఇంకొక వింత బయటపడింది. లోకంలో అన్నిటికంటె ఎక్కువసార్లు ఉటంకించిన వ్యాసం ఏదో తెలుసా? అది అంతరిక్షాన్ని గురించిందీ కాదు, ఐన్‌స్టయిను రాసిందీ కాదు. ఆలివర్ లౌరీ, ఆయన తోటివారు 1951లో రాసినది. 2014 నాటికే దాన్ని 3 లక్షల సార్లకు పైగా ఉటంకించారు. మాంసకృత్తులను నీలిరంగు పుట్టించి కొలిచే పద్ధతి అది. అందులో వాడే రసాయనం సుబ్బారావు గురువైన ఫోలిన్ పేరుతో ఉన్నది. తన వ్యాసం అంత గొప్పదేమీ కాదని లౌరీ తానే చెప్పుకున్నాడు.

మరి అన్నిసార్లు ఎందుకు ఉటంకించారు? కొలత పద్ధతి అందరికీ కావాలి గనక. పెళ్ళివంటలో ఎవరు ఏ కూర చేసినా గరిటె అందరూ అడుగుతారు గదా! గరిటె ఎక్కువమంది చేతులు మారిందంటే అది ఎంత పనికివచ్చిందో తెలుస్తుంది. అంతమాత్రాన కూరకంటె గరిటె గొప్పదని ఎవరూ అనరు.

ఇందుకు ఎదురు కథ కూడా ఉన్నది. గ్రెగర్ మెండెల్ అనే మఠవాసి బఠాణీ మొక్కలను పెంచి, తల్లిదండ్రుల గుణాలు పిల్లలకు ఏ లెక్కన వస్తాయో కనిపెట్టి, 1866లో వ్యాసం అచ్చువేశాడు. 34 ఏళ్ళపాటు దాన్ని పట్టించుకున్నవాళ్ళు చాలా కొద్దిమంది. 1900లో ముగ్గురు శాస్త్రజ్ఞులు దాని విలువ గుర్తించారు. అప్పటికి మెండెల్ చనిపోయి 16 ఏళ్ళయింది.

ఈ చిక్కులు చూసి 2005లో హోర్హే హిర్ష్ అనే భౌతికశాస్త్రజ్ఞుడు కొత్త లెక్క కట్టాడు. ఒకరి వ్యాసాలలో పదింటిని కనీసం పదేసి సార్లు ఉటంకించి ఉంటే ఆయన అంకె 10. ఇరవై వ్యాసాలను ఇరవయ్యేసి సార్లు ఉటంకిస్తే 20. మంచి లెక్కే. కాని ఒకడు ఒకే ఒక వ్యాసం రాసి, దాన్ని లోకమంతా పదివేలసార్లు ఉటంకించిందనుకోండి. ఆయన అంకె ఎంత? మీరే ఆలోచించండి. అవును, ఒకటే!

లెక్క ఉన్నచోట మోసం కూడా ఉంటుంది. బరువు తూగటానికి పత్తి మీద నీళ్ళు చల్లేవాళ్ళున్నట్టే, తమ వ్యాసాలను తామే అనవసరంగా ఉటంకించుకునేవాళ్ళూ, "నీ పేరు నేను చెబుతాను, నా పేరు నువ్వు చెప్పు" అని ఒప్పందం చేసుకునేవాళ్ళూ ఉన్నారు. తెలిసిన వ్యాపారి త్రాసును మాత్రమే నమ్మడు, రాశిలో చెయ్యి పెట్టి చూస్తాడు. శాస్త్రజ్ఞుణ్ణి అంచనా వేసేవాళ్ళు కూడా అంకె చూసి ఊరుకోరాదు, వ్యాసం చదవాలి.

మళ్ళీ నందవరంలో

ఇప్పుడు బడిలో మీ అరచేతిలో ఉన్న మాత్రను చూడండి. బొంబాయి మిల్లు స్త్రీలకు మార్మైటు తినిపించిన లూసీ విల్స్, నాలుగు టన్నుల పాలకూర వడపోసిన ముగ్గురు, పెర్ల్ రివరులో పనిచేసిన 16 మంది, వాళ్ళలో ఏడవవాడైన సుబ్బారావు, అందరూ అందులో కలిసిపోయి ఉన్నారు, బేలులో కలిసిన పది ఊళ్ళ దూది లాగా. నందవరం ఇంట్లో ఒక అక్కకు రక్తం పట్టి, బిడ్డ క్షేమంగా పుడితే, దాన్ని ఏ వ్యాసం చివరా రాయరు. ఏ సంపుటంలోనూ అది లెక్కకు రాదు. అయినా సుబ్బారావు పడిన శ్రమ ఫలించింది అక్కడే.

చీటీలు అనవసరమని మాత్రం అనుకోకండి. ఇంతదూరం వెనక్కి వచ్చి ఈ పేర్లు మనం తెలుసుకోగలిగామంటే, ప్రతివాళ్ళూ తమకు ముందు పనిచేసినవారి పేరు రాసి ఉంచటం వల్లనే. చీటీ రాయటం నిజాయితీ. ఎన్ని చీటీలు వచ్చాయన్నది ఒక అంకె. మొదటిది మన చేతిలో ఉన్నది. రెండవది మన చేతిలో లేదు.

1953లో ఒక శిలీంధ్రానికి సుబ్బారోమైసిస్ అని ఆయన పేరు కలిసివచ్చేటట్టు పేరు పెట్టారు. 1995లో, ఆయన పుట్టిన నూరేళ్ళకు, మన తపాలాశాఖ ఆయన బొమ్మతో బిళ్ళ వేసింది. మీరు ఇంకొక చిన్నపని చెయ్యండి. మీ నోటుబుక్కు చివరి పేజీలో ఒక గీత గీసి, ఈ వారం మీరు నేర్చుకున్న ప్రతి కొత్త సంగతికీ ఎదురుగా, అది ఎవరు చెప్పారో రాయండి. లెక్క చెప్పిన మాస్టారు, విత్తే అదను చెప్పిన తాత, ముడివెయ్యటం నేర్పిన పక్కింటి అవ్వ, ఎవరైనా సరే. వారం చివర ఆ పేజీ వాళ్ళకు చూపించండి. తమ పేరు చూసుకుని వాళ్ళ ముఖాలు ఎట్లా వెలుగుతాయో మీరే చూస్తారు.